బూరెలు పంచిన వార్డు

పెద్దాయన బెంచీ దగ్గరికి రావడం మానేశాడని ముందు కనిపెట్టింది మా అత్తయ్య. నేనైతే గమనించేదాన్ని కాదు. పొద్దున్నే మందుల షాపులో డ్యూటీకి పరిగెత్తే హడావిడిలో మా ఎదురుగా సముద్రం ఉందన్న సంగతే నాకు గుర్తుండేది కాదు.

అది రెండువేల పంతొమ్మిది. మావారికి ఇంగ్లండు దక్షిణపు ఒడ్డునున్న ఓ చిన్న ఊళ్ళో ఆసుపత్రి కంప్యూటర్ల విభాగంలో ఉద్యోగం. సముద్రానికీ మాకూ మధ్య ఒక్క రోడ్డే అడ్డం, కింది అంతస్తులో ఫ్లాట్. అత్తయ్య పశ్చిమ గోదావరిలో ఏప్రిల్ ఎన్నికల్లో ఓటేసి, వేలిమీద సిరాతోనే విమానమెక్కి వచ్చేశారు. ఫలితాలు మే నెలాఖరుకి గాని రావని, అన్నాళ్ళు అక్కడ కూర్చుంటే తనకి పిచ్చెక్కుతుందని అన్నారు. ఎన్నికలంటే ఆవిడకి ప్రాణం. ఒకప్పుడు మా ఊరి పంచాయతీలో వార్డు మెంబరుగా నిలబడి గెలిచారు కూడా. ఆ సంగతి ఆవిడ మర్చిపోరు, మనల్ని మర్చిపోనివ్వరు.

రోజూ పొద్దున్నే శాలువా కప్పుకుని రోడ్డు దాటి, గులకరాళ్ళ తీరానికెదురుగా ఉన్న బెంచీ మీద కూర్చునేవారు. ఆ బెంచీకి అటు చివర ఓ తెల్లాయన. టోపీ, చేతికర్ర, మడిచి చంకలో పెట్టుకున్న పేపరు. ఈవిడకి ఇంగ్లీషు రాదు, ఆయనకి తెలుగు తెలిసే అవకాశమే లేదు. అయినా ఇద్దరూ గంటసేపు కూర్చునేవారు. ఇంటికొచ్చి నాకు కబుర్లు చెప్పేవారు. "ఆయన బస్సు డ్రైవరంట అమ్మాయ్. స్టీరింగు తిప్పి చూపించాడు. ఆ కొండమీద ఇల్లంట."

ఈస్టర్ సెలవులు అయిపోయిన వారం ఆయన కనబడలేదు.

"ఒంట్లో బాలేదేమో కనుక్కోవే," అన్నారు అత్తయ్య.

"ఎవర్నని అడగనండీ? ఇక్కడలా వెళ్ళి అడగరు."

"అడక్కపోతే ఎలా తెలుస్తుంది? నోరు లేదా నీకు?"

నోరుంది. పైగా ఒకసారి సందేహం వచ్చిందంటే నాకూ నిద్ర పట్టదు, ఆ జబ్బు అత్తయ్యకీ నాకూ సమానం. మర్నాడు మా షాపుకి మందులకోసం వచ్చినావిడ చేతిలోని చీటీ మీద కొండమీది వీధి పేరు చూసి ఉండబట్టలేక అడిగేశాను, అక్కడ రిటైరైన బస్సు డ్రైవరు ఒకాయన ఉండాలి, తెలుసా అని. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "ఆయన మా ఆయనే," అంది. నా మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

ఆవిడ బడిలో పిల్లలకి మధ్యాహ్నం భోజనాలు వడ్డించే పని చేసి రిటైరైన మనిషి. ఎదురుగా ఆవిడని పేరు పెట్టే పిలవాలి, ఇక్కడి పద్ధతి అది. నాకు నోరు రాక మనసులో ఆంటీ అనే పిలుచుకునేదాన్ని. ఆంటీ చెప్పిన కారణం విన్నాక నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. పెద్దాయనకి ప్రొస్టేట్ ఆపరేషన్ అయింది. అప్పట్నుంచి అరగంటకోసారి బాత్‌రూమ్‌కి వెళ్ళాలి. తీరంలో కౌన్సిల్ వాళ్ళ టాయిలెట్లు ఉన్నన్నాళ్ళు బాధ లేదు. ఖర్చు తగ్గించుకోవాలని వాటిని మూసేద్దామని కౌన్సిల్ తీర్మానించింది. ఈస్టర్ రద్దీ అయిపోగానే తాళాలు పడ్డాయి. ఒకసారి ఆయన దారిలోనే ఆపుకోలేకపోయాడట. ఆ రోజునుంచీ గడప దాటడం లేదు.

"ముప్ఫై ఏళ్ళు ఆ సముద్రం పక్కనుంచే బస్సు నడిపాడు. తల తిప్పి చూసే వీలుండేది కాదు. రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని చూస్తానని అనేవాడు," అంది ఆంటీ. "అందుకే నేను నిలబడుతున్నాను."

ఎక్కడ నిలబడుతోందో నాకు వెంటనే అర్థం కాలేదు. సంచీలోంచి ఓ కరపత్రం తీసి ఇచ్చింది. తాళం వేసిన టాయిలెట్ తలుపు ముందు ఆంటీ ఫొటో. వచ్చే గురువారం కౌన్సిల్ ఎన్నికలు. మా వార్డుకి ఒకే సీటు. తీర్మానం చేసినప్పుడే, ఏ పార్టీ లేకుండా ఇండిపెండెంటుగా నామినేషన్ వేసింది. తను గెలిస్తే మొదటి సమావేశంలోనే ఆ తాళాలు తీయమని అడుగుతుందట. ఎదురుగా నిలబడ్డది మూసేద్దామని చేయెత్తిన పాత సభ్యుడే.

ఇంటికొచ్చి చెప్పగానే అత్తయ్య లేచి నుంచున్నారు. "అయితే మనం ప్రచారం చెయ్యాలే!"

నాకో విషయం అప్పుడే తెలిసింది. మనది కామన్వెల్త్ దేశం కనుక, మన పాస్‌పోర్టుతో వీసా మీద ఉన్నవాళ్ళకి కూడా ఈ దేశంలో ఓటుంటుంది. మావారు వచ్చిన కొత్తలోనే ఇద్దరి పేర్లూ రాయించారట, నాకు చెప్పడం మర్చిపోయారు. ఎన్ని సంగతులు మర్చిపోయారో మహానుభావుడు! అత్తయ్యకి మాత్రం ఓటు లేదు, చుట్టపుచూపుగా వచ్చారు కనుక. అది ఆవిడకి చాలా కష్టంగా తోచింది.

ఆ వారమంతా ఆంటీ ప్రచారం చేసే తీరు చూసి అత్తయ్యకి ఒళ్ళు మండిపోయింది. మైకు లేదు, జీపు లేదు. ఆంటీ, ఆవిడ తమ్ముడు ఇద్దరే వీధులు తిరిగేవారు. తలుపు కొట్టి, కరపత్రం ఇచ్చి, ఒక మాట చెప్పి, వచ్చేసేవారు. తలుపు తీయకపోతే సందులోంచి కాగితం లోపలికి తోసి వెళ్ళిపోయేవారు. నేను కూడా రెండు సాయంత్రాలు వెంట వెళ్ళాను. నాకు భలే వింతగా ఉండేది. ఓ ఇంటాయన, "నేను మీకు వెయ్యను, అయినా వచ్చినందుకు థాంక్స్," అని నవ్వుతూ తలుపేశాడు. ఆంటీ కూడా నవ్వి థాంక్స్ చెప్పింది. వెయ్యనివాడికి థాంక్స్ ఏమిటని నేను దారంతా అడుగుతూనే ఉన్నాను.

"ఏం ప్రచారమే అది? పోస్టుమాను పనిలా ఉంది," అన్నారు అత్తయ్య. "ఓటడిగేటప్పుడు మనిషి ఎదురుగా ఓ నిమిషం కూర్చోవాలి. వాళ్ళింట్లో మంచినీళ్ళు తాగాలి. మన చేత్తో ఏదైనా పెట్టాలి."

ఈ చివరి మాటని నేను సరిగ్గా చెవిన పెట్టలేదు.

పోలింగుకి ముందురోజు షాపునుంచి వచ్చేసరికి ఇల్లంతా నూనె వాసన. పొగ అలారం మోగకుండా దానికి ఓ ప్లాస్టిక్ సంచీ తొడిగి ఉంది. పొయ్యి పక్కన ఖాళీ బాండీ, శనగపప్పు పూర్ణం అంటిన పళ్ళెం. అత్తయ్య పడక్కుర్చీలో కాళ్ళు చాపుకుని అలిసిపోయి, మహా సంతోషంగా ఉన్నారు. బూరెలు వండారని, అలసట అందుకేనని అనుకున్నాను. నాకూ రెండు మిగిల్చారు. వేడి చేసుకుని తిన్నాను.

గురువారం ఓటు వేయడానికి చర్చి హాలుకి వెళ్ళాను. గుర్తింపు కార్డు అడగలేదు, వేలికి సిరా పెట్టలేదు. పేరు చెబితే కాగితం ఇచ్చేశారు. దారం కట్టిన పెన్సిలుతో గుర్తు పెట్టాలి. చాలామంది కుక్కల్ని కూడా వెంటబెట్టుకుని వచ్చారు. బయట ఆంటీ, ఇక్కడి అభ్యర్థులు పెట్టుకునే రిబ్బను పువ్వు గుచ్చుకుని నిలబడి ఉంది, పక్కన ఆవిడ తమ్ముడు. ఆయనే ఆవిడకి ఎలక్షన్ ఏజెంటు. ఇన్సూరెన్స్ ఆఫీసులో చేసి రిటైరయ్యాడు, రూల్సంటే ప్రాణం పెట్టే మనిషి.

అప్పుడే ఓ ముసలావిడ బయటికొచ్చి ఆంటీ చెయ్యి పట్టుకుంది. "ఆ డోనట్లు ఎంత బావున్నాయో! లోపల తియ్యటి పప్పట కదా? నా ఓటు నీకే వేశాను."

"ఏ డోనట్లు?" అంది ఆంటీ.

"మీ ఇండియన్ ఫ్రెండు నిన్న తెచ్చి ఇచ్చింది కదా. నీ కాగితం మీద పెట్టి మరీ ఇచ్చింది."

పూర్ణం అంటిన పళ్ళెం నా కళ్ళముందు మెదిలింది. తమ్ముడుగారి మొహం చూస్తే నాకంటే ఘోరంగా ఉంది. నన్ను పక్కకి పిలిచి, చాలా మెల్లగా, చాలా మర్యాదగా చెప్పాడు. ఓట్ల కోసం ఓటర్లకి తిండి పెట్టడం ఈ దేశంలో నేరం. పాతకాలంలో అభ్యర్థులు ఊళ్ళకి ఊళ్ళు తాగించి గెలిచేవారట, అందుకని చట్టం చేశారు. గెలిచాక ఎవరైనా కోర్టుకెళితే ఆ ఎన్నికే రద్దయిపోవచ్చు.

"రెండు బూరెలకా?" అన్నాను.

"ఎన్ని అన్నది కాదు ప్రశ్న," అన్నాడాయన.

ఇంటికి పరిగెత్తాను. "అత్తయ్యా, ఏం చేశారండీ!"

"ఏం చేశాను? మన వీధిలో అందరికీ తలో రెండు బూరెలిచ్చాను. డబ్బులిచ్చానా, సీసాలిచ్చానా?" అన్నారావిడ. "ప్లీజ్, ఓట్, స్వీట్ అన్నాను. ఆ మూడు ముక్కలే నాకొచ్చు. అందరూ ఎంతో సంబరపడ్డారు."

విషయం చెప్పాను. "బూరె పెడితే నేరమా? ఇదేం దేశమే తల్లీ!" అన్నారు. ఆ తర్వాత చాలాసేపు శాలువా కొంగు మెలిపెడుతూ కూర్చున్నారు. "ఆయన కోసమే కదే చేశాను. ఇప్పుడు నా వల్లే ఆ తలుపులు తెరుచుకోకుండా పోతాయా?" ఆవిడ కళ్ళలో నీళ్ళు చూడటం నాకదే మొదటిసారి. తిట్టాలని వచ్చినదాన్ని, టీ పెట్టి ఇచ్చాను.

లెక్కింపు శుక్రవారం పొద్దున, ఊరి స్పోర్ట్స్ హాల్లో. అభ్యర్థుల తరఫున బల్లల పక్కన నిలబడి చూసే మనుషులుంటారు. ఆంటీకి మనుషులు తక్కువ కనుక వారం ముందే నా పేరు రాయించింది. కాగితాల్ని ముట్టుకోకూడదు, చూడొచ్చు, అంతే. మా వైపు లెక్కింపంటే ముళ్ళకంచె, పోలీసులు, గేటు బయట అరుపులు. ఇక్కడ నేలమీద బ్యాడ్మింటన్ గీతలు, ఓ మూల టీ మెషీను. వేళ్ళకి రబ్బరు తొడుగులు వేసుకుని లెక్కపెడుతున్నవాళ్ళలో మా బ్యాంకులో పనిచేసే అమ్మాయి, లైబ్రరీ ఆవిడ కనిపించారు. పాత సభ్యుడు మా ఆంటీతో గులాబీ మొక్కలకి పట్టిన తెగులు గురించి మాట్లాడుతున్నాడు. ఆవిడ శ్రద్ధగా వింటోంది. వీళ్ళకి బీపీ రాదా అనుకున్నాను.

రెండు కట్టలూ ఒక ఎత్తులోనే పెరుగుతున్నాయి. ఓసారి ఇది ఎక్కువనిపిస్తుంది, ఓసారి అది. గెలవాలని దేవుళ్ళందరికీ మొక్కుకుంటున్నాను, గెలిస్తే కోర్టేమోనని మళ్ళీ భయం.

కట్టలు కట్టడం అయ్యాక అనుమానం ఓట్లు మిగిలాయి. గుర్తు సరిగ్గా లేనివాటిని ఎన్నికల అధికారి అభ్యర్థులిద్దర్నీ పిలిచి, ఒక్కొక్కటే ఎత్తి చూపించి తేలుస్తాడు. సగం కాగితాల మీద, యూరప్ కూటమి నుంచి ఈ దేశం బయటపడే గొడవ గురించి బూతులు. ఒకటి ఖాళీ. ఇంకోటి ఎత్తి ఆయన కళ్ళజోడు సవరించుకున్నాడు. గుర్తేమీ లేదు. ఇద్దరి పేర్లకీ మధ్యగా పెన్సిలుతో, 'డోనట్లు అద్భుతం' అని రాసి ఉంది.

"ఇదేమిటో ఎవరికైనా తెలుసా?" అన్నాడు.

తమ్ముడుగారు ఆంటీ కాలు తొక్కడం నేను చూశాను. నేను నా చెప్పుల వంక చూసుకున్నాను. ఆవిడొక్క మాట మాట్లాడకపోతే ఆ కాగితం చెల్లని ఓట్లలో కలిసిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు.

"నాకు తెలుసు," అంది ఆంటీ. మొత్తం చెప్పేసింది. తనకి ముందు తెలియదని, ఇచ్చినావిడ పరాయి దేశం మనిషని, తన భర్త మీద అభిమానంతో చేసిందని, తప్పంటే తనదేనని. ఆ తర్వాత పాత సభ్యుడి వైపు తిరిగి, "నేను గెలిస్తే మీరు అభ్యంతరం చెప్పుకోవచ్చు," అంది. నాకు ఆవిడ మీద కోపం వచ్చింది, ఏడుపూ వచ్చింది. నోటిదాకా వచ్చిన సీటుని ఎవరైనా అలా పళ్ళెంలో పెట్టి ఇచ్చేస్తారా?

పాత సభ్యుడు దగ్గాడు. "శాలువా కప్పుకుని వస్తారు, ఆవిడేనా? మా ఇంటికీ వచ్చారు. ఆ చివరి ఇల్లు మాదే. నాకూ రెండిచ్చారు." అధికారి వైపు చూసి, "నా భార్యవి కూడా నేనే తిన్నాను. నాకేం అభ్యంతరం లేదు," అన్నాడు.

హాల్లో ఎవరో కిసుక్కుమన్నారు. అధికారి మాత్రం నవ్వలేదు. ఆ కాగితాన్ని చెల్లని వాటిలో పెట్టాడు. తేడా చాలా తక్కువగా ఉందని మళ్ళీ ఒకసారి లెక్కపెట్టించారు. రెండోసారీ అదే వచ్చింది. చేతివేళ్ళకి సరిపోయేటన్ని ఓట్లతో ఆంటీ ఓడిపోయింది.

ఆవిడ వేదికెక్కి, లెక్కపెట్టినవాళ్ళకి, హాలు ఊడ్చేవాళ్ళకి కూడా థాంక్స్ చెప్పింది. గెలిచినాయనకి చెయ్యి ఇచ్చింది. కిందికి దిగి నా దగ్గరికొచ్చి, "మా ఆయనకి ఎలా చెప్పాలి?" అంది.

ఇంటికెళ్ళేసరికి అత్తయ్య తలుపు తీసుకుని నిలబడి ఉన్నారు. నా మొహం చూసే గ్రహించారు.

"ఆ చివరింటాయనకి కూడా ఎందుకిచ్చారండీ? కిటికీలో ఆయన ఫొటోయే ఉంది కదా!"

"చూశాను. వీధిలో పంచుతూ ఒక్క గడప దాటేస్తామా? ఎంత తప్పు!" అన్నారు. వెంటనే మండిపడ్డారు. "నా బూరెలు తిని గెలిచాడన్నమాట!"

ఆ తర్వాత నన్ను పట్టుకుని ఒకే ఒక్క ప్రశ్న. "అయితే ఆయనిక సముద్రానికి రాడా?"

"ఎలా వస్తారు? తాళాలు తీయరు కదా."

"మనింట్లో ఉందిగా?"

కరపత్రాలు పంచాం, వీధులు తిరిగాం, ఓట్ల లెక్కింపు దాకా వెళ్ళాం. రోడ్డుకి ఇవతల మా బాత్‌రూమ్ ఉందన్న సంగతి మా ఎవ్వరికీ తట్టలేదు. "ఇక్కడ అలా పరాయివాళ్ళిళ్ళకి వెళ్ళరండీ. ముందు చెప్పకుండా టీకి కూడా రారు," అన్నాను.

"అయితే ముందే చెబుదాం పద," అన్నారు, చెప్పులేసుకుంటూ.

కొండెక్కి వాళ్ళింటికి వెళ్ళాం. ఆంటీ ఇంకా ఆ రిబ్బను పువ్వు తీయలేదు. పెద్దాయన కుర్చీలో కూర్చుని ఉన్నాడు, మమ్మల్ని చూసి లేవబోయాడు. అత్తయ్య ఆయనకెదురుగా కూర్చుని, మంచినీళ్ళు అడిగి తాగి, తెలుగులో చెప్పడం మొదలుపెట్టారు. "మా ఇల్లు మీ బెంచీకి ఎదురే. ఎప్పుడు కావలిస్తే అప్పుడు రండి. బెల్లు కొట్టండి, చాలు." దాన్ని ఇంగ్లీషులో చెప్పే పని నా నెత్తిన పడింది. నేను సిగ్గుతో చచ్చి బతుకుతూ చెప్పాను. పెద్దాయన మెడ దాకా ఎర్రబడ్డాడు. "మీరు చాలా మంచివాళ్ళు," అన్నాడు. ఈ దేశంలో ఆ మాటకి రాననే అర్థమని నాకు బాగా తెలుసు. అత్తయ్యకి మాత్రం వస్తానన్నాడనే చెప్పాను.

మర్నాడు రాలేదు, ఆ తర్వాతా రాలేదు. అత్తయ్య రోజూ బాత్‌రూమ్ కడిగి, కొత్త తువ్వాలు పెట్టేవారు. నాకు ఆవిడని చూస్తే జాలేసేది. ఇక రారండీ అని చెప్పేద్దామనుకుంటూనే వాయిదా వేస్తూ వచ్చాను.

ఓ పొద్దున నేనింకా పళ్ళు తోముకుంటుండగా బెల్లు మోగింది. తలుపు తీస్తే పెద్దాయన. టోపీ చేతిలో పట్టుకుని, ఇంకో చేత్తో గోడ పట్టుకుని నిలబడ్డాడు. "క్షమించాలి. నేను..." అన్నాడు. ఆ మాట పూర్తి చేయలేకపోతున్నాడు.

అత్తయ్య నా వెనకనుంచి వచ్చి, కుడిపక్క తలుపు చూపించి, నా చెయ్యి పట్టుకుని బయటికి లాగేశారు. వీధి తలుపు దగ్గరగా వేశారు. లోపల ఆయనొక్కడే. బయట ఎముకలు కొరికే గాలి. నా నోటినిండా పేస్టు నురగ, ఇద్దరికీ ఒంటిమీద నైటీలు. చివరింటి కౌన్సిలరుగారు కుక్కని తిప్పుకుంటూ మా ముందునుంచే వెళ్ళారు. గుడ్ మార్నింగ్ అన్నారు, మేమెందుకలా నిలబడ్డామో అడగలేదు. పెద్దాయన బయటికొచ్చేదాకా మేం ఆ రోడ్డుమీదే నిలబడ్డాం.